హాలోనెస్ట్ పురుగులూ, మా శనక్కాయ చేనూ

పోయిన ఆగస్టులో మా నాయన చేన్లో వాడిపోయిన శనక్కాయ చెట్టొకటి పట్టుకుని పైకి లాగాడు. రెండు వేళ్లకే వచ్చేసింది. మామూలుగా అయితే ఎర్రమట్టి పెళ్లతో సహా రావాలి. ఇది మాత్రం కింద వేరన్నది లేకుండా, కొరికి వదిలేసిన మొండితో వచ్చింది. ఆయన కొడవలి మొనతో అదే చోట జానెడు లోతు తవ్వాడు. మట్టిలోంచి తెల్లగా, బొద్దుగా, నెలవంకలా ముడుచుకున్న పురుగొకటి దొర్లింది. తల ఇటుక రంగు. వెనక వైపు చర్మం ఎంత పల్చనంటే, అది తిన్న మట్టి నల్లగా లోపల కనిపిస్తోంది. నాయన దాన్ని అరచేతిలో వేసుకుని, "ఇదప్పా వేరుపురుగు. కింద కూచోని తింటాంటాది, పైన మనకు తెలీదు" అన్నాడు.

నాకు వెంటనే గాజు సీసాలు గుర్తొచ్చాయి. అంతకు ముందు మూడు నెలలుగా రాత్రిపూట నేను చేస్తున్న పని సరిగ్గా ఇలాంటి పురుగుల్ని కాపాడడమే. హాలో నైట్ అనే వీడియో గేమ్‌లో 46 పురుగు పిల్లలు సీసాల్లో బందీలై ఉంటాయి. దగ్గరికి పోయేకొద్దీ ఏడుపు సన్నగా వినిపిస్తుంది. వెతుక్కుంటూ పోయి సీసా పగలగొడితే, పిల్ల సంతోషంతో ఒక కూత కూసి మట్టిలోకి దూరిపోతుంది. ఇంటి దగ్గర లావుపాటి తండ్రి పురుగు, ఒక్కో పిల్ల చేరినప్పుడల్లా మురిసిపోయి మనకు బహుమానం ఇస్తుంది. చివరి పిల్ల కోసం ముందు రోజు రాత్రి రెండింటి దాకా మేలుకున్నాను. పొద్దున చేనికి పోతే అలాంటి పిల్లే మా నాయన అరచేతిలో ఉంది. ఆయన దాన్ని బండ మీద వేసి చెప్పుతో నలిపాడు. నేను ఆపలేదు. ఆ మడిలో చాలా చెట్లు అప్పటికే తలలు వాల్చేసి ఉన్నాయి.

ఆ రోజు నుంచి ఈ రెండు లోకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. పురుగును చూడడం నాకు నేర్పింది ఆ ఆటే. ముప్పై ఏళ్లు కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో పుట్టి పెరిగినవాడికి అది ఒక ఆట నేర్పాల్సి వచ్చిందంటే నాకు బాధగానే ఉంది, కానీ నిజం. అయితే పురుగును గౌరవించడానికి దాని చేతికి కత్తి, నెత్తిన కిరీటం ఇవ్వాల్సిన పని లేదని కూడా ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. మట్టిలో ఉన్న అసలు పురుగు కథ ఇంకా పెద్దది. అది తెలుసుకోకుండా చంపుతూ పోతున్నందుకే మా చేలల్లో మేం ఓడిపోతున్నాం.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో టీమ్ చెర్రీ అనే చిన్న బృందం దీన్ని తయారు చేసింది. వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 2017 ఫిబ్రవరిలో వచ్చింది, దాని తర్వాతి ఆట సిల్క్‌సాంగ్ 2025 సెప్టెంబరులో వచ్చింది. హాలోనెస్ట్ అంటే భూమి కింద కూలిపోయిన ఒక పురుగుల రాజ్యం. మనిషి అనేవాడు ఎక్కడా కనిపించడు. మ్యాపు గీసేదీ పురుగే, అంగడి నడిపేదీ పురుగే, కత్తి సానపట్టేదీ పురుగే. మనం ఆడేది తెల్లటి ముఖం, చేతిలో మేకు లాంటి కత్తి ఉన్న ఒక చిన్న పురుగు. మా అక్క కొడుకు ఇంటర్ సెలవుల్లో నా ల్యాప్‌టాప్‌లో దీన్ని ఎక్కించి, "ఒక్క గంట ఆడు మామా, నచ్చకపోతే తీసేస్తా" అన్నాడు.

ఆ గంటలోనే నాకు అర్థమైంది, దీన్ని చేసినవాళ్లు పురుగుల్ని నిజంగా వంగి చూసినవాళ్లని. ఒక్కో పురుగుకు ఒక్కో నడక పెట్టారు. ఒకటి రాతి అంచు పట్టుకుని పైనా కిందా తేడా లేకుండా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, మన గోడ మీద చీమలు నడిచినట్టే. ఇంకొకటి మనల్ని చూడగానే గాల్లో ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత దూకుతుంది. నేను తిరిగి మా పశువుల కొట్టంలోకి పోయినప్పుడు గోడల మీద, గాట్ల కింద, గడ్డివాము పక్కన ఎవరి నడక ఏమిటో చూడడం మొదలుపెట్టాను. అంతకు ముందు నాకు అక్కడ కనిపించింది ఈగలు, దోమలు, "ఏవో పురుగులు", అంతే.

నా గొడవ ఆటలోని ఒక పుస్తకంతో. పచ్చటి పొదల్లో దాక్కుని ఉండే వేటగాడొకడు మనకు దాన్ని ఇస్తాడు. మనం చంపిన ప్రతి పురుగు బొమ్మా అందులో చేరుతుంది. కానీ దాని గురించి వేటగాడు రాసుకున్న మాటలు చదవాలంటే, ఆ పురుగును ఇన్నిసార్లు చంపాలని లెక్క ఉంది. చంపితేనే తెలుస్తుంది. పేజీలు నిండేకొద్దీ నాకు మొదట సరదాగానే ఉండేది, వేరుపురుగును చూశాక మాత్రం లోపల ఏదో అడ్డుపడింది. మా ఊళ్లో ఇప్పుడు జరుగుతున్నది అంతకన్నా ఘోరం. మేం ఎంత చంపినా మా పుస్తకంలో ఒక్క అక్షరం కూడా చేరడం లేదు. చేన్లో పురుగు పడిందంటే టౌనుకు పోయి మందుల అంగట్లో "పురుగు పడింది, ఏం కొట్టాల?" అని అడగడం, ఆయన ఇచ్చిన రెండు డబ్బాలు తెచ్చి డ్రమ్ములో కలిపి కొట్టడం. ఏ పురుగు, ఎప్పుడు వచ్చింది, ఆకు తింటోందా వేరు తింటోందా, ఇవేవీ ఆ మాటల్లో రావు. వేరుపురుగు మట్టి కింద కూర్చుని ఉంటే పైన ఆకు మీద మందు కొట్టినవాళ్లను నేనే చూశాను. మేమూ ఒక ఏడు అదే పని చేశాం.

అసలు వేరుపురుగు సంగతి ఎంత తేటగా ఉంటుందో చూడండి. దాని తల్లి ఒక గోధుమరంగు పెంకు పురుగు. ఎండాకాలమంతా భూమిలో కదలకుండా ఉండి, తొలకరి వాన పడ్డాక చీకటి పడే వేళకు పైకి లేస్తుంది. నేరుగా వేపచెట్టు ఎక్కుతుంది. రాత్రి ఆకు తిని, అక్కడే జతకట్టి, తెల్లారకముందే మళ్లీ మట్టిలోకి దిగి గుడ్లు పెడుతుంది. ఏడాదికి ఒకటే తరం. అంటే ఏడాది మొత్తం మీద మన చేతికి చిక్కేది వాన పడ్డ ఆ కొద్ది రాత్రుల్లోనే. మా తాత కాలంలో ఆ రాత్రి ఊరి మగవాళ్లు గట్ల మీది వేపచెట్ల కింద దుప్పట్లు పరిచి కొమ్మలు దులిపేవాళ్లట. టపటపా రాలిన పురుగుల్ని కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేసేవాళ్లట. ఒక్క చెట్టు దులిపితే ఎన్ని మడులు నిలబడతాయో వాళ్లకు తెలుసు. వాళ్లూ చంపారు, కాదనను. కానీ ముందు తెలుసుకుని, తర్వాత చంపారు.

ఎర్ర గొంగళి కథ ఇంకా ఆశ్చర్యం. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన. అదీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. ఆ పురుగు పైరు తిని బలిశాక గట్ల కింద, చెట్ల నీడన మట్టిలోకి దిగి, తన చుట్టూ తానే గూడు కట్టుకుని పడుకుంటుంది. పది నెలలు తిండి లేదు, నీళ్లు లేవు. పైన మే నెల ఎండకు బండలు పగులుతుంటాయి. తొలకరి తడి ఆ లోతుకు దిగగానే రెక్కలతో లేస్తుంది. అందరమూ విత్తనం వేసేది కూడా ఆ వానకే. లేత శనక్కాయ మొలకలు పైకొచ్చే సరికి దాని పిల్లలు సిద్ధంగా ఉంటాయి. ఒక చేను అయిపోతే గుంపుగా పక్క చేనికి నడుస్తాయి, వాటిని ఆపడానికి చేల మధ్య కాలవలు తీసేవాళ్లు. వాన కోసం మేం ఎంత కాచుకుని ఉంటామో అదీ అంతే కాచుకుని ఉంటుంది. ఈ మాట మా నాయనకు చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "దానికి మనకన్నా బాగా తెలుస్తాదిలే" అన్నాడు.

ఆ రెక్కల పురుగుల కోసమే ఊళ్లో అందరూ ఒకే రాత్రి చేలల్లో మంటలు వేసేవాళ్లు, దీపపు ఎరలు పెట్టేవాళ్లు. ఆట చివర్లో మనం కలుసుకునే అసలు శత్రువు కూడా ఒక రెక్కల పురుగే. రేడియన్స్ అని పేరు, వెలుగు దేవత. దాని వెలుగు కలల్లోంచి చొరబడి రాజ్యంలో ఒక్కో పురుగు బుద్ధినీ తినేస్తుంది. కళ్లు నారింజ రంగుకు తిరుగుతాయి, ఒళ్లు నడుస్తూనే ఉంటుంది, లోపల మనిషి ఉండడు. దీపం చుట్టూ తిరిగి చచ్చే పురుగును తిప్పి, దీపాన్నే పురుగుగా చేశారు. ఆ ఊహకు నేను చేతులెత్తి దండం పెడతాను. నిజానికి పురుగు దీపాన్ని ప్రేమించి రాదు. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో హైస్పీడ్ కెమెరాలతో చూస్తే తేలింది ఏమిటంటే, ఎగిరే పురుగు ఎప్పుడూ తన వీపును వెలుగు వైపు తిప్పుకుంటుంది. లక్షల ఏళ్లుగా రాత్రిపూట వెలుగుండేది పైన ఆకాశంలోనే కాబట్టి, వీపు అటు ఉంటే తాను నిటారుగా ఉన్నట్టు లెక్క. మనం దీపం పెట్టగానే ఆ లెక్క తప్పుతుంది. వీపు దీపం వైపు తిప్పుతూ తిప్పుతూ అక్కడే సుడి తిరుగుతుంది. మా ఇంటి వాకిట్లో ట్యూబులైటు కింద రాలే రెక్కల్ని చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆకాశం తప్పిపోయిన ప్రాణాల్లా కనిపిస్తాయి.

బుద్ధి తినే జబ్బు ఆటలోదే కాదు, మా చేన్లోనూ ఉంది. లద్దె పురుగుకు ఎన్‌.పి.వి. అనే వైరస్ సోకితే అది మొక్క కొసకు ఎక్కి, తలకిందులుగా వేలాడి, లోపలంతా నీరై కారిపోతుంది. ఆ నీరు కింది ఆకుల మీద పడి, వాటిని తిన్న మిగతా పురుగులకూ అంటుకుంటుంది. ఎందుకు పైకెక్కుతుంది? అడవి చెట్లను తినే వేరే జాతి గొంగళి మీద పరిశోధన చేసినవాళ్లు 2011లో ఆ వైరస్‌లోనే ఒక జీన్ పట్టుకున్నారు, ఆ పురుగును కొసకు నడిపించేది అదేనని. ఈ వైరస్ ద్రావణాన్నే రైతులు సాయంత్రం పూట పైరు మీద కొడతారు. హాలోనెస్ట్‌ను కూల్చింది ఏదో, అలాంటిదే ఇక్కడ చేనుకు మందు. ఆట రాసినవాళ్లకు ఇది చూపించాలని ఉంటుంది నాకు.

అయితే ఆటలో ఒక లెక్క నాకు పూర్తిగా తప్పనిపిస్తుంది. అక్కడ ఎంత పెద్ద పురుగైతే అంత పెద్ద శత్రువు. తెర సగం నిండిందంటే జాగ్రత్తపడాలని అర్థం. మా జిల్లా చూసిన అతి పెద్ద శత్రువు పొడవు ఒక మిల్లీమీటరు. 2000 సంవత్సరంలో నేను ఐదో తరగతి. ఆ ఏడు శనక్కాయ చెట్లు మొవ్వు మాడి, కాండం నల్లబడి, నిలువునా చచ్చిపోయాయి. అనంతపురం జిల్లాలో 2,25,000 హెక్టార్ల దాకా దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. పొగాకు మీద మొదట చూసిన ఒక వైరస్ అది. గట్ల మీద, రోడ్ల పక్కన విచ్చలవిడిగా పెరిగే వయ్యారిభామ మొక్కలో అది దాక్కుని ఉంటుంది, ఆ మొక్కకు జబ్బు కనిపించదు. దాని పూల పుప్పొడి మీద తామర పురుగులు తిరుగుతాయి, ఒంటికి పుప్పొడి అంటించుకుని శనక్కాయ ఆకు మీద వాలి గీకుతాయి. ఆ గాట్లలోంచి వైరస్ లోపలికి పోతుంది. తామర పురుగును కంటితో చూడాలంటే తెల్లకాగితం మీద పువ్వును దులపాలి. కదిలే చిన్న గీతల్లా కనిపిస్తాయి. అప్పట్లో మా నాయన గట్టు మీద కూర్చుని ఏం చూస్తున్నాడో నాకు తెలియలేదు. శత్రువు కనపడలేదు కాబట్టి ఆయన ఊరికే చేను వైపే చూస్తున్నాడు. ఏ ఆటలోనూ ఆ భయం రాదు.

పేడపురుగు దగ్గరికి వస్తే మాత్రం ఆటకు పూర్తి మార్కులు వేస్తాను. రాజ్యం కింది మురుగు కాలవల్లో డంగ్ డిఫెండర్ అనే వీరుడుంటాడు. ఒకప్పటి ఐదుగురు మహావీరుల్లో ఒకడు. పేడ ఉండలు విసిరి, భూమిలోకి దూరి, నవ్వుతూ పోరాడతాడు. ఓడిపోయాక మనసులో ఏమీ పెట్టుకోడు. రాజు పోయినా, తోటివాళ్లు పోయినా, తన చోటు వదలకుండా కాపలా కాస్తూనే ఉంటాడు. అతన్ని చూసి మా అక్క కొడుకు నవ్వాడు కానీ నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఈ ఆట పుట్టిన ఆస్ట్రేలియాకు పేడపురుగు నిజంగానే వీరుడు. ఆ ఖండంలో ఉన్న పేడపురుగులు కంగారూల ఎండు పెంటికలకు అలవాటుపడ్డవి. 1788లో తెల్లవాళ్లు ఆవుల్ని దించాక, ఆ తడి పేడను ముట్టేవాళ్లు లేక అది నెలల తరబడి అలాగే పడి ఉండేది. గడ్డి చచ్చేది, ఈగలు ముసిరేవి. 1960లలో జార్జ్ బోర్నెమిస్సా అనే కీటక శాస్త్రవేత్త చొరవతో దక్షిణాఫ్రికా లాంటి దేశాల నుంచి పేడపురుగుల్ని తెప్పించి వదిలారు. అవి పేడను భూమిలోకి దించి నేలను మళ్లీ నేల చేశాయి.

బలం సంగతి చెప్పాలంటే, పేడపురుగుల్లో ఒక జాతి మగపురుగు తన బరువుకు 1141 రెట్లు లాగగలదని 2010లో కొలిచారు. ఇంకో జాతి రాత్రిపూట ఉండను దారి తప్పకుండా దొర్లించుకుపోవడానికి పాలపుంత వెలుగును చూసుకుంటుంది. ఆరుబయట దాని తలకు చిన్న టోపీ పెట్టి మరీ పరీక్షించి, జోహానెస్‌బర్గ్‌లోని నక్షత్రశాలలో కూడా చూసి, 2013లో ఆ సంగతి తేల్చారు. టోపీ పెడితే ఆకాశం కనపడక అది వంకరటింకరగా పోయింది. ఇంతకన్నా గొప్ప వీరగాథ నేనేమీ వినలేదు. మా కొట్టంలో ఇప్పుడు ఎద్దులు లేవు, ఒకే ఒక ఆవు. దాని పేడ దగ్గర పోయిన కార్తీకంలో రెండు పేడపురుగులు కనిపిస్తే, పనికి పోవాల్సినవాణ్ణి అరగంట అక్కడే కూర్చున్నాను. వెనక కాళ్లతో నెట్టేది ఒకటి, ఉండ మీద ఎక్కి కూర్చున్నది ఇంకొకటి. చిన్న గుంటలో ఉండ జారిపోతే దిగి మళ్లీ మొదలుపెట్టాయి.

గొల్లభామల గురించి ఎక్కువ చెప్పను. ఆటలో వాటికి తెగ ఉంది, పద్ధతి ఉంది, ఓడితే తలవంచి దారి ఇస్తాయి. చాలా అందమైన ఘట్టం. నిజం గొల్లభామకు తెగ లేదు, తోటి గొల్లభామ ఎదురైతే తినేయడానికే చూస్తుంది. కానీ దానికి రొమ్ము మధ్యలో ఒకే ఒక చెవి ఉంటుంది, గబ్బిలం కూత వినడానికి. ఆ ఒంటి చెవిని ఆటలో ఎందుకు పెట్టలేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

కందిరీగ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మన పెద్దవాళ్లు కూడా ఆట చేసిన పనే చేశారు. ఆటలో హార్నెట్ అనే అమ్మాయి ఉంది. పేరు కందిరీగ, తల్లి సాలీడు, చేతిలో సూది, సూదికి దారం. మా ఇంటి నడవలో గోడకు ఏటా కందిరీగ చుట్టమే అయిన ఒక కుమ్మరి పురుగు మట్టితో బుల్లి కుండలు కడుతుంది, మూతి కూడా అచ్చం కుండ మూతే. అది గూడు కడితే ఇంట్లో ఎవరికో కడుపు పండుతుందని మా అమ్మ దాన్ని ముట్టనివ్వదు. ఆ కుండలోకి అది పచ్చటి లద్దె పురుగుల్ని మోసుకొచ్చి పెట్టి మూత వేస్తుంది. కొన్నాళ్లకు కుండలోంచి బయటికి వచ్చేది కుమ్మరి పురుగు. దీన్ని చూసే మనవాళ్లు భ్రమరకీటక న్యాయం అన్నారు: భ్రమరం చుట్టూ తిరుగుతూ ఝుంకారం చేస్తుంటే, భయంతో దాన్నే తలుచుకుంటూ పురుగు కూడా భ్రమరం అయిపోతుందని. జీవుడు దేవుణ్ణి తలిచి దేవుడయ్యే దారికి దీన్ని పోలికగా చెప్పారు. గొప్ప ఊహ. కానీ పోయిన ఏడు ఒక కుండ తనంతట తానే ఊడి కింద పడి పగిలితే నేను లోపల చూశాను. ఆరు పచ్చ పురుగులు, చావలేదు, వేలితో తాకితే తోక కొసలు కొంచెం కదిలాయి. కుండ పైకప్పు నుంచి వెంట్రుక కన్నా సన్నని దారానికి ఒక గుడ్డు వేలాడుతోంది. తల్లి వాటిని కుట్టి కదలకుండా చేసి, తాజాగా ఉంచి, పుట్టబోయే పిల్ల కోసం దాచింది. హార్నెట్ చేతిలో ఉన్న సూదీ దారమూ మా గోడ మీదే ఉన్నాయి. చూసి నాకు ఒళ్లు గగుర్పొడిచింది, కళ్లు తిప్పుకోబుద్ధి కూడా కాలేదు. వేదాంతమూ ఆటా రెండూ ఆ కుండకు మూత తీయకుండానే కథ చెప్పాయి.

"ఆట కదా మామా, నిజం పురుగునే పెడితే ఎవరాడతారు?" అని మా అక్క కొడుకు వాదన. న్యాయమే. ఆ ముఖాలు లేకపోతే నేనూ ఆడేవాణ్ణి కాదు, ఏడుపు వినిపించకపోతే ఒక్క సీసా కూడా వెతికేవాణ్ణి కాదు. కానీ మనలా ఉన్నదాన్ని మాత్రమే ప్రేమించడం అలవాటైతే, మనలా లేనిదాన్ని ఏం చేస్తాం? వేరుపురుగు ఏడవదు. ఎర్ర గొంగళి పది నెలలు పడుకుంటే దాని కల ఏమిటో మనకు వినిపించదు. వాటితో మనకు పోరు తప్పదు, ఆ చేనే మా కూడు. పోరాడేదెవరితోనో తెలుసుకుని పోరాడదాం అంటున్నాను. తెలిసినవాడు వేపచెట్టు దులుపుతాడు, వైరస్ ద్రావణం కొడతాడు, గొల్లభామ కనిపిస్తే పక్కకు తప్పుకుంటాడు. తెలియనివాడి డబ్బా వీటన్నిటినీ కలిపి చంపుతుంది.

అందుకే మా అక్క కొడుకూ నేనూ ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. చంపితేనే పేజీ తెరుచుకోవాలన్న షరతు లేదు, పది నిమిషాలు కదలకుండా చూస్తే చాలు. వాడు బొమ్మ గీస్తాడు, నేను రాస్తాను, నాయన పేరు చెబుతాడు. ఆరుద్ర పురుగు మొదటి పేజీ. దానికి ఎనిమిది కాళ్లు, అసలు కీటకమే కాదు, సాలీడు వైపు చుట్టం. పురుగు అనే మన మాటకు ఆ పట్టింపు లేదు, చీకట్లో పామును కూడా పురుగనే అంటాం. తర్వాత ఉసుళ్లు, మిడత, పేడపురుగు, తామర పురుగు. ఇప్పటికి 23 పేజీలయ్యాయి.

ఇరవై మూడో పేజీలో ఉన్నది కంది పూల మీద దొరికింది. నల్లటి పెంకు, దాని మీద నారింజ రంగు పట్టీలు, గోరంత పొడవు. పూలను నములుతుంది కాబట్టి శత్రువు. దాని పిల్లలు మట్టిలో మిడత గుడ్లు తింటాయి కాబట్టి మిత్రుడు. నలిపితే ఆ రసానికి చర్మం బొబ్బలెక్కుతుంది, మా వాడికి చూపుడు వేలి మీద ఎక్కింది కూడా. పుస్తకాల్లో మైలాబ్రిస్ అని ఉంది. "తెలుగులో ఏమంటారు నాయనా?" అని అడిగాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. "మా అమ్మ దీన్ని ఏందో అనేది, మంచి పేరే" అన్నాడు. సాయంత్రం దాకా తలుచుకుంటూనే ఉన్నాడు, అన్నం తినేటప్పుడు కూడా ఒకసారి ఆగి పెదాలు కదిపాడు. గుర్తు రాలేదు. ఆ పేజీ పైన పేరు రాసే చోటు ఖాళీగా వదిలి, కింద బొమ్మ ఒక్కటే గీశాం.